చేపల తట్టలో తవ్వెడు బియ్యం

జూలై 4, శుక్రవారం

రెండు గంటల నలభై నిమిషాలు. ఈ వయసులో అంత సమయం ఎవరికైనా దానం చెయ్యడమే తప్పు, ఇలాంటి దర్శకుడికి చెయ్యడం మహాపాపం.

హీరోగారు నూట పద్నాలుగు మందిని కొట్టారు. వేరే పనేమీ లేక లెక్కపెట్టాను. ఆఖరివాడు వెళ్ళి నీళ్ళ ట్యాంకుకి తగిలాడు, ట్యాంకు పగిలింది, ఆ నీళ్ళలోంచి హీరోగారు తీరిగ్గా నడిచి వచ్చారు. మంచినీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే భీమవరంలో ఆ దృశ్యానికి ఈలలు! హీరోయిన్‌కి మొత్తం పదకొండు మాటలు. అందులో నాలుగు "బావా".

తలుపులమ్మ ఇంటర్వెల్ దాకా ఓర్చుకుంది.

"అమ్మగారండి, ఇంతమందిని కొట్టేడు కదా, ఆడి చొక్కా గుండీ ఒక్కటీ ఊడలేదేంటండి?"

"కుట్టినవాడు గట్టివాడు."

"మరైతే ఆ కుట్టినోణ్ణే పెట్టి తియ్యొచ్చు కదండీ సినిమా."

బడి మొహం చూడని మనిషి. నేను ఇంగ్లీషు ఎమ్మే, అదీ ఇంట్లో కూర్చుని ప్రైవేటుగా కట్టి పాసయినదాన్ని. ఆ గుండీ సంగతి నాకు తట్టలేదు.

ముప్పై తొమ్మిదేళ్ళుగా ప్రతి శుక్రవారం మార్నింగ్ షోకి ఇద్దరం వెళుతున్నాం. చేపల బజార్లో అమ్మకం అయ్యాక, చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని థియేటరు దగ్గరికి వస్తుంది. టిక్కెట్లు నేనే తీస్తాను. పక్కపక్క సీట్లలో కూర్చుంటాం. రాజుల ఇళ్ళలో ఒక చేపలావిడని పక్కన కూర్చోబెట్టుకుని సినిమా చూసే ఆడవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చూపించమనండి.

జూలై 5

శాఖా గ్రంథాలయానికి వెళ్ళి చీటీ ఇచ్చి వచ్చాను. "సినిమాకి జోడు పుస్తకం" అని దానికి పేరు పెట్టింది లైబ్రేరియన్ యెహెజ్కేలుగారే. ప్రతి శనివారం నోటీసు బోర్డు మీద, గ్యాస్ సిలిండరు జాగ్రత్తల పక్కన గుచ్చుతారు. కింద నా పేరుండదు. ఊరందరికీ తెలుసు.

ఈ వారం రాసింది: "నిన్నటి సినిమా చూసినవారు చదవవలసినది – విరిగిన ఎముకలకు ప్రథమ చికిత్స గురించిన పుస్తకం. నాలుగో బీరువా, కింది అర. బొమ్మలున్నాయి. బొమ్మల్లోని మనుషులకు దెబ్బ తగిలితే నొప్పి వేస్తుంది."

"కొంచెం ఘాటుగా ఉందేమోనండి," అన్నారాయన.

"మీరు సినిమా చూడలేదు కదండీ, అందుకని అలా అనిపిస్తుంది."

జూలై 11, శుక్రవారం

ప్రేమకథ. అబ్బాయి అమ్మాయి వెంట తొమ్మిది నెలలు పడ్డాడు. ఆ వ్యవధిలో లోకంలో ఆడవాళ్ళు ఒక బిడ్డని కని చేతికిస్తారు. ఇతగాడికి ఫోన్ నంబరు దొరికింది.

తలుపులమ్మ: "మా పేటలో ఇలా ఎంటబడితే ఆడి తల్లి చేతే కొట్టిస్తామండి."

జోడు పుస్తకం: వీధికుక్కల బెడద మీద మునిసిపాలిటీ వారి కరపత్రం. రెండు ప్రతులున్నాయి.

జూలై 15

మనవడు సూర్యతేజ హైదరాబాదు నుంచి వచ్చారు. వారి మొదటి సినిమా 'చేలగట్టు చిన్నోడు' ఇరవై ఐదున విడుదల. కథ, మాటలు, దర్శకత్వం అన్నీ వారే. పెట్టుబడి మా అబ్బాయి ఫణీంద్రగారు. రెండు పంటల రొయ్యలు అందులో పోశారు.

మా ఇళ్ళలో పాలు తాగే పిల్లల్ని కూడా మీరనే అంటాం. ఇరవై ఎనిమిదేళ్ళ ఈ కుర్రాణ్ణి కూడా అలాగే అంటాను. వాళ్ళూ నన్ను అలాగే అంటారు. ఒకళ్ళనొకళ్ళు చంపుకోవాల్సి వచ్చినా, కత్తి ఇలా తెండి అనే అడుగుతాం.

"మామ్మగారూ, మీకో సర్‌ప్రైజ్ ఉందండి. మీరు చెప్పిన కథొకటి పెట్టానండి సినిమాలో."

"ఏ కథండి?"

"చూస్తే మీకే తెలుస్తుంది."

బోలెడు కథలు చెప్పాను పోయిన వేసవిలో. గర్వంగా లేదని ఎందుకు రాసుకోవాలి. ఉంది. తలుపులమ్మకి కూడా చెప్పాను, "మన అబ్బాయిగారి సినిమా, కొత్త చీర కట్టుకుని రా," అని.

జూలై 25, శుక్రవారం

ఆ నల్లరంగు కనిపెట్టినవాణ్ణి ముందు అనాలి. మొగ హాస్యనటుడికి చీర కట్టి, ఒళ్ళంతా బొగ్గులా రంగు పూసి, చేపల తట్ట నెత్తిన పెట్టారు. ఇరవై ఇరవై అయిదులో! ఆ మేకప్ మనిషికి అద్దం లేదా?

రాజుగారి వాకిట్లో వాడు, అదే ఆ "చేపలావిడ", దొరుకుతుంది. తట్ట బోర్లిస్తే చేపల కింద బియ్యం. చీర దులిపితే బియ్యం, కొప్పు విప్పితే బియ్యం, జలజలా. వెనక డోలు, సన్నాయి. రాజుగారు ఒక కొరమీను అందుకుని దాంతోనే ఫెడీఫెడీమని వాయిస్తారు. బండికి కట్టేస్తారు. కట్టేసి ఉండగా అది డాన్సు చేస్తుంది. చివరికి రాజుగారికి జాలి కలిగి కుంచెడు బియ్యం దానం చేస్తే, "దేవుడండి మా రాజుగారు" అని కాళ్ళ మీద పడుతుంది. హాలంతా కుర్చీలు విరిగేలా నవ్వారు.

తలుపులమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆకుపచ్చ అంచు. తట్ట బోర్లించే దాకా వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. బియ్యం పడగానే పొట్లం మడిచి కొంగున ముడి వేసింది. డాన్సు మొదలయ్యాక లేచింది.

"ఎక్కడికే?"

"చేపలు పాడైపోతాయండి."

బజార్లో చేపలన్నీ అమ్మేసి వచ్చాను అని గేటు దగ్గర తనే చెప్పింది.

నేను చివరిదాకా కూర్చున్నాను. సొంత మనవడి సినిమా మధ్యలో లేచిపోతే ఏం బాగుంటుంది? అటు ఫణీంద్రగారి స్నేహితులంతా ఉన్నారు. బయటికి వచ్చాక అందరూ అడిగారు. బాగుందండి అన్నాను. ఏడుగురు అడిగారు, ఏడుసార్లు అన్నాను.

ఆ నటుడికి బుద్ధి లేదు. ఆ డోలు వాయించినవాడికి లేదు. నవ్విన జనానికి అసలే లేదు.

జూలై 26

చీటీ రాయలేదు. యెహెజ్కేలుగారు ఫోను చేస్తే జ్వరమని చెప్పాను. జ్వరం లేదు.

జూలై 28

నిన్న ఆదివారం తలుపులమ్మ ఇంటికి చేపలు తేలేదు. ఫోను ఎత్తలేదు. ఈ రోజు ఎత్తింది వాళ్ళ కోడలు. "అత్తయ్య పడుకున్నారండి," అంది. పగలు పదకొండింటికి! ఆ మనిషి పగలు పడుకోవడం నేను నా జన్మలో వినలేదు.

ఒక సినిమాకి ఇంత అలగాలా? ఎన్నెన్ని చెత్త సినిమాలు చూశాం కలిసి. ఈ సంగతి నేరుగా సూర్యతేజగారితోనే తేల్చుకుంటాను. ఇంత అన్యాయమైన దృశ్యం ఎక్కడినుంచి పుట్టిందో అడుగుతాను.

జూలై 29

అడిగాను.

"ఆ సీను మీ బుర్రలో ఎలా పుట్టిందండి?" అన్నాను. ఆయన బిత్తరపోయి చూశారు.

"అదేంటండి మామ్మగారూ, మీరు చెప్పిందేగా."

"నేనా? అలా చెప్పానా?"

ఫోను తీశారు. పోయిన వేసవిలో నేను మాట్లాడినవన్నీ రికార్డు చేసి పెట్టుకున్నారు. వినిపించారు.

నా గొంతే. మామిడిపండు తింటూ మాట్లాడుతున్నట్టున్నాను. "మా మామగారి హయాంలో ఒక చేపలావిడ ఉండేదండి, తట్టలో చేపల కింద బియ్యం పెట్టుకుని పట్టుకుపోతూ దొరికిపోయింది. తవ్వెడు బియ్యం, నీచు కంపు! ఆ అన్నం ఎవరు తింటారో ఆ భగవంతుడికే తెలియాలి!" తర్వాత నా నవ్వు. చాలాసేపు ఉంది నవ్వు. సూర్యతేజగారి గొంతు: "ఎవరండి ఆవిడ?" నా గొంతు: "ఎవరో లెండి."

"కొట్టడం, డాన్సు నేను కలిపానండి. మీరు నవ్వుతూ చెప్పారు కదా, కామెడీ ట్రాక్‌కి బాగుంటుందని..."

ఆ ఫోన్లలో ధ్వని సరిగా పట్టదు. నా నవ్వు అలా ఉండదు.

జూలై 30

నా నవ్వు అలాగే ఉంటుంది.

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పందొమ్మిది వందల డెబ్బై ఒకటి. ఊళ్ళో మా అత్తవారి లోగిలి, నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు. ఇరవై రెండేళ్ళు నాకు. ఘోషా. వీధి వాకిలి ఎలా ఉంటుందో వెదురు చిక్కు తెర సందుల్లోంచి చూడ్డమే. మిగతా రాజుల ఆడవాళ్ళకి భీమవరం థియేటర్లో తెర కట్టిన బాక్సు ఉండేది. మా మామగారు దానికీ ఒప్పుకోలేదు. ఆడవాళ్ళ గొంతు గుమ్మం దాటకూడదు, ఆడవాళ్ళ చూపు తెర దాటకూడదు. పెద్దమనిషి. నన్ను అమ్మాయిగారూ అనేవారు.

తలుపులమ్మది కాలవగట్టు పేట. మా పెరట్లోకి చేపలు తెచ్చేది. ఒకరోజు పొలుసు గీస్తూ, ముందు రోజు చూసిన సినిమా చెప్పింది. చెప్పడమా అది! కత్తిపీట ముందు కూర్చునే ఏడ్చింది, ఉరిమింది, పాట పాడింది, మధ్యలో చేప పేగులు తీసి కాకులకి విసిరింది. నేను బావి గట్టు మీద కూలబడిపోయాను. వచ్చే శుక్రవారం కూడా వెళ్ళి చూసి చెప్పమన్నాను. టిక్కెట్టుకి ఎలాగండి అంది.

కోడళ్ళ చేతిలో పైసా ఉండేది కాదు. ధాన్యపు గది తాళం మాత్రం నా దగ్గరుండేది. వారానికి తవ్వెడు, అంటే రెండు సోలల బియ్యం. అరిటాకు పరిచి తట్ట అడుగున నేనే పోసేదాన్ని, పైన మళ్ళీ ఆకు, ఆ పైన అమ్ముడుపోని చేపలు. దుకాణంలో బియ్యం మార్చి టిక్కెట్టు కొనుక్కునేది. పదకొండు నెలలు అలా సినిమాలు చూశాను నేను. ఇన్నేళ్ళలో చూసిన వాటిలో అవే గొప్పవి.

పాలేరు పట్టుకున్నాడు. మామగారు అరుగు మీద, అది వాకిట్లో. "ఎక్కడివే?" అన్నారు. తలుపులమ్మ చిక్కు తెర వైపు ఒక్కసారి చూసింది. నేను తెర వెనకే ఉన్నాను, రెండు బారల దూరం. నాకు దాని కళ్ళు కనిపించాయి. దానికి తెరే కనిపించి ఉంటుంది.

"దొరికినియ్యండి," అంది.

బండ్ల సావిట్లో రాటకి కట్టేశారు. పొద్దున్నుంచి భోజనాల వేళ దాకా. కొట్టలేదు. డాన్సూ లేదు. ఎండకి నీడ జరిగినప్పుడల్లా అది కూడా రాట చుట్టూ కొంచెం కొంచెం జరగడం చూశాను.

ఆ రోజు కూర అది తెచ్చిన కొరమీనే. తిన్నాను. బాగుంది.

తర్వాత వాళ్ళ కులపెద్దలకి కబురంపారట, వాళ్ళు శిక్షగా ఏదో తప్పు వేశారట. పనిమనిషి చెప్పింది. ఏం తప్పని నేను అడగలేదు. నెలన్నర పోయాక తలుపులమ్మ మళ్ళీ చేపలు తెచ్చింది. ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాను. మామగారు పోయాక, ఎనభై ఆరులో, మొదటిసారి దాన్ని సినిమాకి తీసుకెళ్ళాను. బాకీ తీరిపోయినట్టే అనుకుని, క్రమంగా అసలు బాకీ ఉన్న సంగతే మర్చిపోయాను. మర్చిపోయినదాన్ని కాబట్టే అంత హాయిగా నవ్వుతూ చెప్పగలిగాను. దొంగని చేసి చెప్పాను. మా మామగారు కూడా ఎక్కడివే అని అడిగారు కానీ, దాని మీద నవ్వలేదు.

ఆగస్టు 1, శుక్రవారం

వెళ్ళలేదు.

ఆగస్టు 3

థియేటర్లో థాంక్యూ మీట్. ఫణీంద్రగారు కారు పంపారు. నన్ను వేదిక ఎక్కించి, "ఈ సినిమాకి ప్రేరణ మా మామ్మగారు, ఆ కామెడీ సీను ఆవిడ నవ్వుతూ చెప్పిందే" అని సూర్యతేజగారు మైకు నా చేతికిచ్చారు.

నిలబడి చెప్పాను. మొదటిసారి నా జన్మలో మైకు పట్టుకున్నాను.

"ఆ చేపలావిడ దొంగ కాదండి. ఆ బియ్యం నేనే ఇచ్చాను. నాకు సినిమాలు చూసి చెప్పడానికి ఇచ్చాను. ఆవిడని కట్టేస్తే నేను తెర వెనక నిలబడి చూస్తూ ఊరుకున్నాను. ఇక్కడ మీరంతా నవ్వింది ఆవిడ్ని చూసి. నవ్వవలసింది నన్ను చూసి."

ఒక్క క్షణం ముందు వరసలో ఫోన్లు కిందికి దిగాయి. ఆ క్షణం చాలనుకున్నాను. అంతలో ఆ యాంకరు పిల్ల మైకు లాక్కుని, "మామ్మగారు ఎంత ఎమోషనల్ అయిపోయారో చూడండీ! ఒక్కసారి గట్టిగా చప్పట్లూ!" అంది. కొట్టారు. సూర్యతేజగారు కెమెరా వైపు తిరిగి నా కాళ్ళకి దండం పెట్టారు. ఎవరో శాలువా కప్పారు.

ఈ దేశంలో మనిషి గొంతు నొక్కడానికి శాలువాకి మించిన సాధనం ఇంకొకటి లేదు.

ఆగస్టు 5

నా మొహం ఫోన్లన్నిట్లో ఉందట. వెనక వయొలిన్ కూడా పెట్టారు. కొత్త పోస్టరు వేశారు, "నిజ జీవిత గాథ" అని. చీర కట్టిన ఆ నల్లరంగు మొగాడు ఒక మూల, నేను శాలువాతో ఇంకో మూల.

ఫణీంద్రగారు టిఫిన్ దగ్గర ఉత్సాహంగా ఉన్నారు.

"అమ్మగారూ, మీ స్పీచుతో రెండో వారం హాళ్ళు నిండాయండి."

"ఆ సీను తీసేయించండి."

"ఇప్పుడెలాగండి? జనం ఆ సీను కోసమే వస్తుంటే."

"నేను మీ తల్లినండి."

"అందుకేనండి ఇంత రీచ్ వచ్చింది," అన్నారు. వెటకారం కాదు. నిజంగానే అన్నారు. ఇడ్లీ ఇంకోటి వడ్డించమన్నారు కోడలుగారిని.

రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే అర్ధరాత్రి అయినా పరుగెత్తే మనిషి. ఇంట్లో తగ్గితే తెలియదు.

అయినా తలుపులమ్మ ఆ వీడియో చూసే ఉంటుంది. ఇంకేం. కోపం పోయి ఉంటుంది. రేపు వెళతాను.

ఆగస్టు 6

ఆటోలో వెళ్ళాను. యాభై అయిదేళ్ళ నుంచి తెలిసిన మనిషి. వాళ్ళ ఇంటికి వెళ్ళడం ఇదే మొదలు. ఇల్లు ఏదో కూడా తెలియదు, నలుగురిని అడగాల్సి వచ్చింది. వాకిట్లో పరదా పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది. లేవలేదు.

"ఎందుకొచ్చేరండి ఇంత ఎండలో."

"మైకులో చెప్పాను. చూశావా?"

"చూపించేరండి ఫోన్లో. ఎనక మ్యూజిక్ కూడా ఏసేరు. బాగా పడ్డారు మీరు."

"అందరి ముందూ నిజం చెప్పానే."

"ఎవరికి చెప్పేరండి? టిక్కెట్టు కొన్నోళ్ళకి." ఒక చేప తిరగేసింది. "నన్ను దొంగన్నోళ్ళు ఆళ్ళు కాదు కదండీ."

నాకు కోపం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను. నా అంతటి మనిషి ఊరందరి ముందూ తల వంచుకుంటే ఇంకా ఏం కావాలి దీనికి అనుకున్నాను. పైకి కూడా అన్నాను.

"మరి ఇన్నేళ్ళూ నా పక్కన కూర్చుని సినిమాలెలా చూశావే?"

"సినిమాలు బాగుండేయి కదండి," అంది. తర్వాత చేతులు దులుపుకుని నా వైపు చూసింది. "ఆ రోజు మీ పేరు చెప్తే మిమ్మల్ని పుట్టింటికి తోలేసేవోరు. నాకు తెలుసు. అందుకే చెప్పలేదు. ఎప్పటికో అప్పటికి మీరే చెప్తారనుకున్నాను. చెప్పేరు. నవ్వుతా చెప్పేరు."

తను మళ్ళీ చేపల మీదికి వంగింది.

"మా గంగాలమ్మ జాతరకి ఇంటింటికీ కుండ తిప్పుతారండి, నైవేద్యానికి పిడికెడు బియ్యం ఎయ్యడానికి. ఆ ఏడు నుంచీ మా గుమ్మం దగ్గర కుండ ఆగదు. దొంగ బియ్యం అమ్మోరికి పెట్టకూడదని తప్పేసేరు. యాబై నాలుగు జాతర్లు. మా కోడలు కాపురానికొచ్చిన ఏడు, తెలీక ఎదురెళ్ళి పిడికిలి చాపింది. కుండ పక్కకి తిప్పేసుకున్నారు."

"నాకు ఎప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడూ అడగలేదండి."

కాకి ఒకటి వస్తే తను తోలింది, ఇంకోటి వస్తే నేను తోలాను.

"ఏం చెయ్యమంటావు?" అన్నాను.

"తప్పేసింది మా బావగారు బుల్లియ్యండి. పెద్దరికం అప్పుడూ ఆయందే, ఇప్పుడూ ఆయందే. తొంబై దగ్గరికొచ్చేడు, ఇయ్యాలో రేపో అన్నట్టున్నాడు. ఆయన పోతే ఆ మాట ఎనక్కి తీసేవోడు ఉండడు. మీరొచ్చి మా ఈధిలో నిలబడి ఆయనకి చెప్పండి."

"ఇప్పుడే వెళదాం పద."

"ఇప్పుడొద్దండి. ఈధిలో ఎవరూ లేరు. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, ఆడోళ్ళందరూ ఇళ్ళకాడే ఉంటారు. అప్పుడు రండి."

తనకి కావలసినదేమిటో ఆ మనిషికి యాభై నాలుగేళ్ళుగా స్పష్టంగా తెలుసు. నాకే తెలియదు.

ఆగస్టు 8, శుక్రవారం

ఇంట్లో వ్రతం. కోడలుగారు కలశం పెడుతుంటే నేను చెప్పులు వేసుకున్నాను. ఫణీంద్రగారు గేటు దగ్గర అడ్డం వచ్చారు.

"అమ్మగారూ, పేటలోకి వెళ్ళి వీధిలో నిలబడి... మన ఇంటి పరువేంటండి?"

"పరువు రొయ్య లాంటిదండి. ఎంత ఐసులో పెట్టినా మూడో రోజు వాసన వస్తుంది. ఇది యాభై నాలుగేళ్ళ సరుకు. తప్పుకోండి దయచేసి."

తప్పుకున్నారు. మర్యాద తెలిసిన మనిషి.

బుల్లియ్యగారు అరుగు మీద నులక మంచంలో కూర్చుని ఉన్నారు. తలుపులమ్మ నన్ను తీసుకెళ్ళి ఎదుట నిలబెట్టింది. పక్కిళ్ళలోంచి ఆడవాళ్ళు, పసుపు పాదాలతో, చేతిలో పూలతో, ఊరికే చూద్దామని గుమ్మాల్లోకి వచ్చారు.

నేను నా పద్ధతిలో మొదలుపెట్టాను. "నమస్కారమండి. డెబ్బై ఒకటిలో మా మామగారి లోగిట్లో జరిగిన ఒక విషయం మీకు విన్నవించుకుందామని..."

"ఆఁ?" అన్నారాయన.

"డెబ్బై ఒకటిలో అండి..."

"ఎవరు పోయేరు?"

గుమ్మాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తలుపులమ్మ నా మోచెయ్యి పట్టుకుని మంచం అవతలి వైపుకి తిప్పింది.

"ఆ చెవి పనికిరాదండి. ఇటు రండి. గట్టిగా చెప్పండి."

"తలుపులమ్మ బియ్యం దొంగిలించలేదండి."

"ఇంకా గట్టిగా."

జీవితంలో ఎప్పుడూ అరవలేదు నేను. ప్రసవాల్లో కూడా పంటి కింద కొంగు పెట్టుకున్నాను. మా లోగిట్లో ఆడదాని అరుపు వినబడితే ఇల్లు కూలిపోతుందన్నట్టు పెంచారు. ఊపిరి తీసుకున్నాను.

"తలుపులమ్మ దొంగ కాదూ! ఆ బియ్యం నేనిచ్చానూ! నేనే! రాజుగారి కోడల్ని!"

కాలవ అవతలి గట్టు మీద గేదెలు కడుగుతున్నవాడు తలెత్తి చూశాడు. వీధి చివరి ఇళ్ళలోంచి కూడా జనం బయటికి వచ్చారు. బుల్లియ్యగారు చాలాసేపు నా మొహం చూశారు. చెవి వినపడకపోయినా బుర్ర సరిగానే ఉంది.

"నువ్విచ్చేవా?"

"ఇచ్చానూ!"

"మరి ఆయాల చెప్పలేదేం?"

ఎమ్మే చదివాను. ఎన్నో పుస్తకాలు చదివాను. మనుషులు ఎందుకు నోరు మూసుకుంటారో వివరించే పెద్ద పెద్ద వాక్యాలు నాకు చాలా వచ్చు. అందులో ఒక్కటీ అరవడానికి పనికొచ్చేది కాదు.

"భయపడ్డానూ!"

"ఆఁ?"

"భయం! భయం వేసిందీ! నా కాపురం పోతుందనీ! మాట్లాడకుండా నిలబడ్డానూ! దాన్ని కట్టేస్తే చూస్తా నిలబడ్డానూ!"

తలుపులమ్మ పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. కళ్ళు తుడుచుకోలేదు, నా కళ్ళూ తుడవలేదు. "ఇంకోసారండి, సివరింటోళ్ళకి ఇనపడలేదు," అంది. చెప్పాను. మూడోసారికి గొంతు చీరుకుపోయింది. అయినా చెప్పాను.

బుల్లియ్యగారు తల పంకించారు. గుమ్మాల వైపు తిరిగి, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా, "ఇన్నారుగా. వచ్చే జాతరకి కుండ ఆ గుమ్మం కాడ ఆపండి," అన్నారు. మళ్ళీ నా వైపు చూసి, "ముసల్దానివి, కూకో. మంచినీళ్ళు తాగు," అన్నారు. నన్ను నువ్వని పిలిచినవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు ఈ భూమ్మీద. ఏమీ అనిపించలేదు. కూర్చున్నాను.

నీళ్ళు తలుపులమ్మే తెచ్చింది.

"ఆగితే ఆగనియ్యండి కుండ," అంది నాకు మాత్రమే వినబడేలా. "బియ్యం ఎయ్యాలో వద్దో నేను చూసుకుంటాను."

"వచ్చే శుక్రవారం సినిమాకి వస్తావా?" అన్నాను. మాట బయటికి రాలేదు, గాలే వచ్చింది. తనకి అర్థమయింది.

"ఏమోనండి. ఇంకా కోపం పోలేదు," అంది. "పోతే చెప్తాను."

ఇంటికి వచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది. కోడలుగారు ఉప్పు వేసిన వేణ్ణీళ్ళు గ్లాసుతో బల్ల మీద పెట్టి, పుక్కిలిస్తే పొద్దుటికి తగ్గుతుందండి అన్నారు. ఫణీంద్రగారు నాతో మాట్లాడటం లేదు, నాకూ మాట్లాడే వీల్లేదు, కాబట్టి ఇల్లు ప్రశాంతంగా ఉంది.

నీళ్ళు చల్లారిపోయాయి. పుక్కిలించలేదు. ఈ గొంతు ఇలా నాలుగు రోజులు బొంగురుగా ఉండనీ.